పొడి అక్షరాల సంఘం

లోకంలో తేలని సమస్యలు చాలానే ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ తేల్చే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు. ఇక్కడ విచారణకు తీసుకున్నది అంతకంటే బరువైన సంగతి: ఒక చర్చిని నిండు పేరుతో పిలవాలా, పొడి అక్షరాలతో సరిపెట్టుకోవచ్చా? నవ్వకండి. దీని మీద పెద్దలు మహాసభల్లో ప్రసంగించారు, వెబ్‌సైట్లు మార్చారు, కోర్టులకెక్కారు. ఒకచోటైతే సాక్షాత్తూ సాతానునే కక్షిదారుగా చేర్చారు.

ఆ సాతాను సంగతి ముందు చూద్దాం. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా ఒక చర్చి ఉంది. బయటివాళ్లు దాన్ని మోర్మన్ చర్చి అంటారు, లోపలివాళ్లు చాలాకాలం ఎల్‌డీఎస్ అన్నారు. 1830లో పుట్టినప్పుడు దాని పేరు చర్చ్ ఆఫ్ క్రైస్ట్, అంతే. 1834లో చర్చ్ ఆఫ్ ది లాటర్ డే సెయింట్స్ అయింది. 1838లో రెండు పేర్లనూ కలిపేసి, ది చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్-డే సెయింట్స్ అని ఖాయం చేశారు. ఆ పేరు దేవుడు చెప్పగా పెట్టుకున్నదని వాళ్ల విశ్వాసం. దేవుడికి ఊపిరి తీసుకునే అవసరం లేదు కాబట్టి పొడుగు ఆయనకు అడ్డు కాలేదు. ఇబ్బంది వచ్చిందల్లా పలికేవాళ్లకే.

2018లో ఆ చర్చి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ ఇక మారుపేర్లు కుదరవని ప్రకటించారు. ఆ అక్టోబరు మహాసభలో ఒక మెట్టు పైకెళ్లి, మారుపేరుతో పిలిపించుకోవడం సాతానుకు పెద్ద విజయం అన్నారు. ఈ మాట వినగానే వెనక్కి తిరిగి లెక్కలు చూసే అలవాటున్న నాలాంటివాడికి ఒక చిక్కు కనిపిస్తుంది. 2010 నుంచి ‘నేను మోర్మన్‌ని’ అంటూ ఊరూరా ప్రకటనలు ఇచ్చింది కూడా ఈ చర్చే. అంటే సాతాను ఆ గెలుపు కోసం పైసా ఖర్చు పెట్టుకోలేదు.

నెల్సన్ గారికి ఇది అప్పటికప్పుడు తట్టిన ఆలోచన అనుకుంటే పొరపాటే. ఆయన 1990 ఏప్రిల్ మహాసభలోనే ఇదే ధర్మసూక్ష్మం వినిపించారు. ఆరు నెలలు తిరక్కుండానే అక్టోబరులో, ఆయనకంటే పై వరసలో ఉన్న గార్డన్ హింక్లీ లేచి, మోర్మన్ అనే మాటకు మంచి అర్థం వచ్చేలా బతికితే పోలా అన్న ధోరణిలో మాట్లాడారు. పెద్దాయన అన్నాక ఇంకేముంటుంది? నెల్సన్ గారు ఊరుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్లు ఊరుకుని, తానే అధ్యక్షుడయ్యాక ఆ కాగితం మళ్లీ తీశారు. పట్టు పడితే అలా పట్టాలి.

ఇక మార్పులు మొదలయ్యాయి. జగద్విఖ్యాతమైన మోర్మన్ టాబర్నకల్ క్వాయర్ అనే గాయక బృందం పేరులోంచి మోర్మన్ దిగిపోయి, ‘ఎట్ టెంపుల్ స్క్వేర్’ ఎక్కింది. 2019లో వెబ్‌సైటు మారింది. ఎల్‌డీఎస్ అనే మూడు అక్షరాల చిరునామా ఇంగ్లిషులో 19 అక్షరాలైంది. అన్ని అక్షరాల్లో ఒకటి తప్పు కొట్టకుండా గమ్యం చేరడమే ఒక చిన్న భక్తి సాధన.

అయితే నిండు పేరు ప్రతిసారీ వాడాలంటే వాళ్లకే సాధ్యం కాదని వాళ్లకూ తెలుసు. అందుకే మొదటిసారి నిండుగా రాసి, తర్వాత ‘ది చర్చ్’ అనో ‘చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్’ అనో రాయండని పత్రికలకు సూచన ఇచ్చారు. మొదటిదానికి లోకంలో ప్రతి చర్చీ హక్కుదారే. రెండోది అంతకంటే తమాషా. పెన్సిల్వేనియాలోని మొనొంగహీలాలో ఒక చర్చి ఉంది. 1862లో ఏర్పడింది, ఈ చెట్టుకే పుట్టిన వేరే కొమ్మ. దాని పూర్తి పేరు ‘ది చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్’. అంటే ఇక్కడ పొట్టి పేరు, అక్కడ పొడుగు పేరు. దత్తత అడగలేదు, అద్దె ఇవ్వలేదు.

అసలు చర్చి పేర్లు ఎందుకింత పొడుగు? నా పరిశీలన ఇది: చర్చి పేరులో ప్రతి విశేషణం వెనకా ఒక తగాదా ఉంటుంది. ‘ఫ్రీ’ అని ఉంటే ఎవరి నుంచో విడిపోయారని. ‘ఆర్థడాక్స్’ అని ఉంటే అవతలివాళ్లు దారి తప్పారని వీళ్ల ఫిర్యాదు. ‘రీఆర్గనైజ్డ్’ అని ఉంటే మధ్యలో ఎక్కడో చెల్లాచెదురయ్యారని. ‘యునైటెడ్’ అని ఉంటే కలిశారని కాదు, కలవనివాళ్లు ఇంకా బయట ఉన్నారని.

నమ్మకపోతే స్కాట్లండ్ వెళ్దాం. 1843లో చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ నుంచి కొందరు బయటికొచ్చి ఫ్రీ చర్చ్ పెట్టుకున్నారు. 1900లో ఆ ఫ్రీ చర్చ్‌లో ఎక్కువమంది యునైటెడ్ ప్రెస్బిటేరియన్లతో కలిసి యునైటెడ్ ఫ్రీ చర్చ్ అయ్యారు. కలవని కొద్దిమంది ‘అసలు ఫ్రీ చర్చ్ మేమే’ అని దావా వేశారు. 1904లో, అప్పట్లో బ్రిటన్‌కు పై కోర్టు కూడా అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ వాళ్ల వైపే తీర్పిచ్చి, ఆస్తి మొత్తం వాళ్లదే పొమ్మంది. పిడికెడు మందికి అన్ని గుళ్లూ బళ్లూ ఏం చేసుకోవాలో తెలియలేదు, మరుసటి ఏడాది పార్లమెంటు చట్టం చేసి పంచాల్సి వచ్చింది. పేరే కదా అని తేలిగ్గా తీసేసేవాళ్లు ఈ కేసు చదవాలి. 1929లో ఆ యునైటెడ్ ఫ్రీ చర్చ్ వెళ్లి మళ్లీ చర్చ్ ఆఫ్ స్కాట్లండ్‌లోనే కలిసింది. ఇక్కడా కలవనివాళ్లు మిగిలారు. వాళ్లు పేరు చివర బ్రాకెట్లో ‘కంటిన్యూయింగ్’ అని పెట్టుకున్నారు. అంటే మేం ఇంకా ఉన్నాం అని. 2000లో ఫ్రీ చర్చ్ మళ్లీ చీలింది, బయటికొచ్చినవాళ్లు మళ్లీ బ్రాకెట్లో ‘కంటిన్యూయింగ్’ పెట్టుకున్నారు.

బ్రాకెట్లంటే గుర్తొచ్చింది. అమెరికా ప్రెస్బిటేరియన్ల పొడి అక్షరాల ముందు ఆదాయపన్ను సెక్షన్లు కూడా సులువే. పీసీయూఎస్‌ఏ అని, అంటే ప్రెస్బిటేరియన్ చర్చ్ ఇన్ ది యూఎస్‌ఏ అని, ఒకటి ఉండేది. దాంట్లోంచి 1936లో కొందరు వచ్చి ప్రెస్బిటేరియన్ చర్చ్ ఆఫ్ అమెరికా అని పెట్టుకుంటే, మా పేరుకు దగ్గరగా ఉందని పాతవాళ్లు కోర్టుకెళ్లారు. దాంతో వీళ్లు 1939లో ఆర్థడాక్స్ ప్రెస్బిటేరియన్ చర్చ్ అయ్యారు, ఓపీసీ అన్నమాట. పాత పీసీయూఎస్‌ఏ 1958లో ఇంకొకరితో కలిసి యూపీసీయూఎస్‌ఏ అయింది. అది 1983లో దక్షిణాదివాళ్ల పీసీయూఎస్‌తో కలిసింది. అప్పుడు ఏం పేరు పెట్టుకున్నారు? పీసీ, బ్రాకెట్లో యూఎస్‌ఏ. బ్రాకెట్లు తీసేస్తే చచ్చిపోయిన పాత చర్చి, పెడితే బతికున్న కొత్త చర్చి. ఈ మధ్యలోనే 1973లో ఇంకొందరు దక్షిణాదిలో విడిపోయారు. వాళ్లు మొదట నేషనల్ ప్రెస్బిటేరియన్ చర్చ్ అని పెట్టుకుని, ఆ పేరుతో వాషింగ్టన్‌లో ఒక గుడి ఉందని తెలిసి, మరుసటి ఏడాది ప్రెస్బిటేరియన్ చర్చ్ ఇన్ అమెరికా అని మార్చుకున్నారు. 1936 వాళ్లది ‘ఆఫ్ అమెరికా’, వీళ్లది ‘ఇన్ అమెరికా’. పొడి అక్షరాల్లో రెండూ పీసీఏనే. ఇవన్నీ గుర్తుపెట్టుకున్నవాడికి నిత్యజీవం సంగతి ఏమో గానీ, గుమస్తా ఉద్యోగం మాత్రం ఖాయం.

చీలికలు లేకుండా కలిసినప్పుడు పేరు పొట్టిదవుతుందా? అవుతుంది, అరుదుగా. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఒక్కటైన ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు తమ తమ పేర్లు పక్కన పెట్టి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అయ్యారు. ఇంత కుదురైన పేరు పెట్టినా జనం ఊరుకోలేదు. సీఎస్‌ఐ అన్నారు. ఆ మూడు అక్షరాలే బోర్డుల మీదికీ, నోళ్లలోకీ వచ్చాయి.

బోర్డు అన్నాను కదా, బోర్డు రాసేవాడి పక్కన కాసేపు నిలబడండి. నిండు పేరు పక్షం వాళ్లకు ఇది తప్పనిసరి శిక్షణ. అతను ఎడమ పక్క నుంచి దర్జాగా మొదలుపెడతాడు. ‘ది చర్చ్’ అన్నది గుండ్రంగా, నిండుగా, దూరం నుంచి కనబడేలా వస్తుంది. రెండో మాట దగ్గర కుంచె ఆపి, బోర్డు వెడల్పు ఒకసారి, చేతిలో కాగితం ఒకసారి చూస్తాడు. అక్కడి నుంచి అక్షరాలు సన్నబడటం మొదలవుతుంది. ‘ఆఫ్’లన్నీ ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కుతాయి. చివరి మాట వచ్చేసరికి ఫ్రేము అంచున, సంతకం పెట్టడానికి ఉంచుకున్న జాగాలోకి పరిశుద్ధులంతా ఒత్తుకుని కూర్చుంటారు. బయట నిలబడి చదివేవాడికి కనబడేది ‘ది చర్చ్’ ఒక్కటే.

నిండు పేరు పక్షాన గట్టి వాదన లేదా అంటే ఉంది, నేను దాచను. ఎల్‌డీఎస్ అనే మూడు అక్షరాలు విప్పి చూడండి. లాటర్-డే సెయింట్స్ మిగిలారు. క్రీస్తు పోయాడు. ఇంటి యజమాని పేరు చెరిపేసి అద్దెకున్నవాళ్ల పేరు గుమ్మానికి తగిలించినట్టుంది. నెల్సన్ గారి బాధ ఇదే, అది ఉత్త బాధ కాదు. 1844లో పుట్టిన వైఎంసీఏను చూడండి. చర్చి కాకపోయినా ఈ బంధువర్గమే. యంగ్ మెన్స్ క్రిస్టియన్ అసోసియేషన్ అనే నాలుగు మాటల్ని నాలుగు అక్షరాలు చేసుకున్న ఆ సంస్థ, 2010లో అమెరికాలో ఒక్క ‘వై’ చాలనుకుంది. క్రైస్తవం పోయింది, సంఘం పోయింది, మగవాళ్లు పోయారు. మిగిలింది యవ్వనం.

కానీ ఈ వాదనను మిగతా చర్చిలకు పట్టించబోతే ఒక ఇరకాటం ఎదురవుతుంది. విప్పినా అక్కడ ప్రభువు కనబడడు. సీఎస్‌ఐలో మొదటి అక్షరం చర్చిది, క్రీస్తుది కాదు. ప్రెస్బిటేరియన్ అంటే పెద్దలు నడిపేది, ఎపిస్కోపల్ అంటే బిషప్పు నడిపేది, కాంగ్రిగేషనల్ అంటే సభ్యులే నడుపుకునేది. మెథడిస్టు అన్నది క్రమపద్ధతి, బాప్టిస్టు అన్నది నీళ్లు, సెవెంత్-డే అన్నది వారం. నిండు పేర్లలో ఉన్నది పరిపాలనా విధానమూ, చిరునామానూ. 1847లో అమెరికాలో జర్మన్ లూథరన్లు ఒక సంఘం కట్టి ‘జర్మన్ ఇవాంజెలికల్ లూథరన్ సైనాడ్ ఆఫ్ మిస్సోరి, ఒహాయో అండ్ అదర్ స్టేట్స్’ అన్నారు. పేరులోనే వగైరా పెట్టుకున్న సంఘం ఇది. సరిగ్గా నూరేళ్లు ఆ వగైరాను మోసి, 1947లో లూథరన్ చర్చ్, మిస్సోరి సైనాడ్ అని కుదించుకుంది. ఆ పేరుకు మూలమైన జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ అయితే 1522లోనే మీరు నా పేరు పెట్టుకోకండయ్యా, క్రైస్తవులం అనుకోండి అని బతిమాలాడు. ఎవరు విన్నారు?

అన్నట్టు, క్రైస్తవులు అన్న పేరు కూడా వాళ్లు పెట్టుకున్నది కాదు. అంతియొకయలో మొట్టమొదట శిష్యులు క్రైస్తవులనబడిరి అని అపొస్తలుల కార్యాలు చెబుతుంది. ‘అనబడిరి’! పక్కింటివాళ్లు అన్నారు, వీళ్లు పడ్డారు, తర్వాత అదే పేరుతో ప్రాణాలిచ్చారు. మెథడిస్టులు ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ల వెక్కిరింతలోంచి పుట్టారు. 1650లో ఇంగ్లండులోని డర్బీలో ఒక న్యాయాధికారి, ఫ్రెండ్స్ సంఘం స్థాపకుడు జార్జ్ ఫాక్స్‌ని వెటకారంగా క్వేకర్ అన్నాడు, అంటే వణికేవాడని. నిండు పేరు రెలిజియస్ సొసైటీ ఆఫ్ ఫ్రెండ్స్ అని ఇప్పటికీ ఉంది, కాగితాల మీద.

ఇంతకీ పొడి అక్షరాలు భక్తికి విరుద్ధమా? ఇక్కడ పాత చేతిరాత ప్రతులను సాక్షిగా పిలుస్తున్నాను. క్రీస్తుశకం రెండో, మూడో శతాబ్దాల గ్రీకు ప్రతుల్లో లేఖకుడు మామూలు మాటలన్నీ ఓపిగ్గా నిండుగా రాస్తాడు. గాడిద నిండుగా ఉంటుంది, గోధుమలు నిండుగా ఉంటాయి. దేవుడన్న మాట దగ్గరికి వచ్చేసరికి ‘థియోస్’ అని రాయడు. మొదటి అక్షరం థీటా, చివరి అక్షరం సిగ్మా రాసి, రెండింటి మీదా ఒక అడ్డగీత లాగుతాడు. యేసుకు అలాగే, క్రీస్తుకు అలాగే. జాగా కలిసిరావడానికి కాదు, ఆ పేర్లు మిగతా మాటల్లాంటివి కావని చూపడానికి. ఆ ఆచారం ప్రకారమైతే కుదించడమే గౌరవం, నిండుగా రాసేది గాడిదను. సమాధి గోడల మీద చేప బొమ్మ గీసినవాళ్లు ఇంకా దూరం వెళ్లారు. యేసుక్రీస్తు, దేవుని కుమారుడు, రక్షకుడు అనే విశ్వాస ప్రకటన మొత్తాన్నీ గ్రీకు పొడి అక్షరాలుగా చేస్తే చేప అన్న మాట వస్తుందని కనిపెట్టి, ఆ అక్షరాలు కూడా దండగని చేపనే గీశారు. మారుపేరు సాతాను గెలుపైతే ఈ చేపను ఏ ఖాతాలో రాయాలో మహాసభవారు సెలవియ్యాలి.

కనుక నా తీర్పు ఇది. ఆస్తి పత్రాల్లో, కోర్టుల్లో నిండు పేరు, హైఫన్లతో సహా. హైఫన్ అంటే గుర్తొచ్చింది, లాటర్-డే మధ్యలో హైఫన్, చిన్న ‘డి’ ఉంటే సాల్ట్ లేక్ వాళ్లు. హైఫన్ లేకుండా పెద్ద ‘డి’ ఉంటే మిస్సోరిలోని రీఆర్గనైజ్డ్ చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్ డే సెయింట్స్, పొడిగా ఆర్‌ఎల్‌డీఎస్. గీత దాటితే చర్చి మారిపోతుంది. మిగతా అన్నిచోట్లా జనం నోటికి ఏది వస్తే అదే పేరు, అప్పీలు లేదు.

ఈ ఆర్‌ఎల్‌డీఎస్ వాళ్లు మాత్రం మొత్తం గొడవ వదిలించుకుందామని, విశేషణాలన్నీ విప్పేసి, 2001లో చిన్న పేరు పెట్టుకున్నారు. కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్. ముచ్చటైన మూడే మాటలు. ఇక కుదించాల్సిన అవసరం ఎవరికీ ఉండకూడదు.

సభ్యులు దాన్ని ‘సీ ఆఫ్ సీ’ అంటున్నారు. ‘ఆఫ్’ జోలికి ఎవరూ పోలేదు.