చరిత్ర అంటూనే పేర్లు చెరిపేస్తారా?

బెంగళూరు రోడ్ల మీది పరుగుల చరిత్రను కీర్తిస్తూ ఒక సంస్థ అచ్చు వేయించిన పన్నెండు పేజీల పుస్తకం నిన్న మా కార్యాలయానికి చేరింది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, అట్ట మీద పెద్ద అక్షరాలతో ‘చరిత్ర’ అన్న మాట. టీషర్టు రంగు ఏటేటా ఎలా మారిందో ఒక పేజీ, జెండా ఊపిన సినీతారల ఫొటోలకు మూడు పేజీలు, దారి పొడవునా వాయించిన బ్యాండు మేళాలకు మరొక పేజీ కేటాయించారు. గెలిచినవారి పేరు మాత్రం ఒక్కటీ లేదు. పొరపాటున మా కంటపడలేదేమోనని అట్ట నుంచి అట్ట వరకు రెండుసార్లు వెతికాం. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఈ జబ్బు ఆ ఒక్క సంస్థది కాదు.

ఈ నగరంలో వరల్డ్ టెన్ కే అనే పది కిలోమీటర్ల రోడ్డు పరుగు 2008 మే నెలలో మొదలైందని పాఠకులకు తెలుసు. ఆ తొలి ఏడాది పురుషుల విభాగంలో గెలిచిన జెర్సెనాయ్ తదెసె, 2004 ఏథెన్స్‌లో పదివేల మీటర్ల కాంస్యంతో తన ఎరిత్రియాకు మొట్టమొదటి ఒలింపిక్ పతకం తెచ్చినవాడు. ఇక్కడ గెలిచిన రెండేళ్లకు లిస్బన్‌లో 58 నిమిషాల 23 సెకన్లలో హాఫ్ మారథాన్ పూర్తిచేసి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. 2014లోనూ 2018లోనూ ఇక్కడ గెలిచిన కెన్యా వీరుడు జెఫ్రీ కమ్వొరొర్ న్యూయార్క్ మారథాన్‌ను రెండుసార్లు గెలిచాడు. 2016లో మహిళల విజేత పెరెస్ జెప్‌చిర్చిర్ ఐదేళ్ల తర్వాత టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌లో స్వర్ణం అందుకుంది. 2025లో గెలిచిన ఉగాండా వీరుడు జాషువా చెప్టెగై అప్పటికే పారిస్‌లో పదివేల మీటర్ల ఒలింపిక్ విజేత. ఇలాంటివారు కబ్బన్ పార్కు పక్కనుంచి, ఉల్సూరు చెరువు అంచు నుంచి పరుగెత్తి వెళ్లారు కాబట్టే ఈ పరుగుకు ప్రపంచంలో ఒక స్థానం వచ్చింది. వారి పేర్లు తీసేస్తే ‘చరిత్ర’ అన్న మాట కింద మిగిలేది టీషర్టులే.

అన్నిటికంటే మమ్మల్ని బాధపెట్టింది ఒక పేరు లేకపోవడం. కెన్యా రన్నర్ ఆగ్నెస్ టిరోప్ 2018లో బెంగళూరులో 31 నిమిషాల 19 సెకన్లలో పది కిలోమీటర్లు పూర్తిచేసి, అప్పటికి ఈ పోటీలో మహిళల అత్యుత్తమ సమయాన్ని నమోదు చేసింది. అంటే కిలోమీటరుకు 3 నిమిషాల 8 సెకన్లు. మారతహళ్లిలోనో బెళ్లందూరులోనో తెల్లవారుజామున పరుగు సాధన చేసే మన తెలుగు కుర్రాళ్లను అడగండి, ఆ వేగంతో ఒక్క కిలోమీటరు పరుగెత్తి చూపగలవారు ఎంతమంది ఉన్నారో చెబుతారు. ఆమె అలా పది పరుగెత్తింది. మరుసటి ఏడాది మళ్లీ వచ్చి మళ్లీ గెలిచింది.

చెరువు గట్టు పక్కన నిలబడి మహిళల ముందు వరుస సాగిపోవడం ఒక్కసారి చూసినవారు ఆ దృశ్యాన్ని మరిచిపోరు. ముందు గడియారం బిగించిన బండి వెళ్తుంది. జనం ఒక్క క్షణం మాట ఆపేస్తారు. ఆ నిశ్శబ్దంలో తారు మీద అరికాళ్ల తపతప చప్పుడు, దాని వెనుకే ఊపిరి తీసే చప్పుడు వినిపిస్తాయి. చూస్తుండగానే ఆ నాలుగైదు సన్నటి ఆకారాలు మలుపు దాటిపోతాయి. ఆ ఉదయం రోడ్డు పక్కన చీపుళ్లతో నిలబడే పౌరకార్మిక మహిళల్లో మన తెలుగువారే ఎక్కువ. వేలమంది పారేసిన నీళ్ల సీసాలు ఏరడానికి వచ్చిన ఆ తల్లులు, ముందుగా వెళ్లే ఆ ఆడపిల్లలను చూసి చప్పట్లు కొడతారు.

టిరోప్ 2021 సెప్టెంబరు 12న జర్మనీలో, మహిళలు మాత్రమే పాల్గొన్న పది కిలోమీటర్ల రోడ్డు పరుగును 30 నిమిషాల ఒక సెకనులో పూర్తిచేసి ప్రపంచ రికార్డు సృష్టించింది. సరిగ్గా నెల తిరగగానే, అక్టోబరు 13న, కెన్యాలోని ఇటెన్ పట్టణంలో తన ఇంట్లోనే కత్తిపోట్లతో శవమై కనిపించింది. హత్యాభియోగం భర్త మీద నమోదైంది. ఆయన దాన్ని తోసిపుచ్చాడు. ఇరవై ఆరో పుట్టినరోజు జరుపుకోవలసిన అక్టోబరు 23న ఆమెను మట్టిలో పెట్టారు. బతికి ఉండగా రెండుసార్లు మన నగరం పుష్పగుచ్ఛం ఇచ్చిన పిల్ల ఆమె.

అందరూ ఆనందంగా కలిసి చేసే పండుగ ఇది, విజేతల జాబితా ఎవరు చదువుతారని కొందరు అంటారు. ఎక్కడో ఆఫ్రికాలో జరిగిన విషాదానికీ బెంగళూరుకూ ఏమిటి సంబంధమని మరికొందరు అంటారు. వేలమంది సామాన్యులు కలిసి పరుగెత్తడం మంచిదే, ఆ సంతోషాన్ని మేము కాదనడం లేదు. కానీ ఆ పుస్తకంలోనే ‘స్త్రీ శక్తి’ అని ఒక పేజీ ఉంది. అందులో నవ్వుతున్న ఒక మోడల్ బొమ్మ వేశారు. మేము కపటం అంటున్నది దీన్నే. స్త్రీ శక్తి అని శీర్షిక పెట్టి, ఈ రోడ్ల మీద ఆ శక్తిని కళ్లకు కట్టించిన స్త్రీ పేరును వదిలేశారు. ఆమె పేరు రాస్తే ఆమె మరణం గురించీ రాయాల్సి వస్తుందని, పండుగ పుస్తకంలో చావు మాట ఎందుకని అనుకున్నారేమో తెలియదు. అదే కారణమైతే ఆ కపటం ఇంకా పెద్దది.

ఎందుకంటే టిరోప్ ఒక్కతే కాదు. 2022 ఏప్రిల్‌లో అదే ఇటెన్‌లో దమారిస్ ముతువా అనే రన్నర్ హత్యకు గురైంది. 2024లో పారిస్ ఒలింపిక్స్ మారథాన్ పరుగెత్తి వచ్చిన కొద్ది వారాలకే ఉగాండాకు చెందిన రెబెక్కా చెప్టెగైపై పెట్రోలు పోసి నిప్పంటించారు. సెప్టెంబరు 5న ఆమె కెన్యాలోని ఎల్డొరెట్ ఆసుపత్రిలో కన్నుమూసింది. పరుగెత్తి సంపాదించిన డబ్బు, ఆ డబ్బుతో కొన్న భూమి, కట్టిన ఇల్లు, వీటి మీద పెత్తనం కోసం ఇంటి మగవాళ్లు ఎంతకు తెగిస్తారో ఆ దేశాల మహిళా రన్నర్లే బయటికి వచ్చి చెబుతున్నారు. టిరోప్ పేరు మీద ‘టిరోప్స్ ఏంజెల్స్’ అనే సంస్థ పెట్టి, హింసకు గురైన ఆడవారికి అండగా నిలిచారు. ఆ సంస్థను స్థాపించినవారిలో ఒకరైన వయోలా చెప్టూ, స్నేహితురాలిని కోల్పోయిన నెలలోపే న్యూయార్క్ మారథాన్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఆ రోజు గెలిచింది మన 2016 విజేత జెప్‌చిర్చిర్. ఇంత కథ మన రోడ్లను తాకి వెళ్తే, ఈ పుస్తకం రాసినవారికి బ్యాండు మేళాలు గుర్తొచ్చాయి.

విదేశీయులు కాబట్టి మరిచారు అనుకోవడానికి కూడా వీల్లేదు. మన కర్ణాటకలోని బెళగావికి చెందిన ఫడెప్ప చౌగులె 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో మారథాన్ పరుగెత్తి, 2 గంటల 50 నిమిషాల 45 సెకన్లలో ముగించి 19వ స్థానంలో నిలిచాడు. బిహార్ సైనికుడు శివనాథ్ సింగ్ 1976 మాంట్రియల్‌లో 11వ వాడై, 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల సమయం నమోదు చేస్తే, దాన్ని దాటే భారతీయుడు నలభై ఏళ్లు గడిచినా రాలేదు. పరుగుల చరిత్ర అని అట్ట మీద వేసుకున్న పుస్తకంలో వీరిద్దరికీ ఒక్క వాక్యం దక్కలేదు. దేశీయులూ లేరు, విదేశీయులూ లేరు, ఉన్నదల్లా జెండా ఊపినవారే.

ఈ తప్పులో పత్రికలకూ వాటా ఉందని ఒప్పుకోవాలి. జెండా ఊపిన నటుడి ఫొటో మొదటి పేజీకి, గెలిచిన మనిషి పేరు క్రీడల పేజీ అడుక్కు పంపే అలవాటు మాకూ ఉంది. ఇకమీదట ఉండదు. మా భయం ఒక్కటే. పేర్లు లేని చరిత్రను ఈ ఏడు ఎవరూ ప్రశ్నించకపోతే, పై ఏడు మరో సంస్థ ఇదే నమూనాను తీసుకుంటుంది, ఆ పై ఏడు పాఠశాలలకు పంచే కరపత్రంలోకీ ఇదే ఎక్కుతుంది. పిల్లలకు టీషర్టు రంగు తెలుస్తుంది, టిరోప్ తెలియదు.

చేయవలసింది కష్టమైన పనేమీ కాదు. 2008 నుంచి స్త్రీ పురుష విజేతల పేర్లు, దేశాలు, సమయాలు కలిపి రాసినా ఒక పేజీ నిండదు. సినీతారలకు ఇచ్చిన మూడు పేజీల్లో ఒకటి తీసేస్తే చాలు. ఆగ్నెస్ టిరోప్ పేరు పక్కన ఆమె ఎలా పోయిందో కూడా రాయాలి, దాచకూడదు. పుస్తకాన్ని ఈ ఉదయమే ఆ సంస్థకు తిప్పి పంపాం. ఆ పేజీ చేరేవరకు దాని గురించి మా పత్రికలో ఒక్క వార్త కూడా రాదు. డబ్బు కట్టి ప్రకటన ఇస్తామన్నా, అందులో ‘చరిత్ర’ అన్న మాట ఉంటే తీసుకోం.