కొత్త లెన్సు మీద గ్లాసు నీళ్ళు పోయకండి

ఒకే వాట్సాప్ సందేశం రావడం ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట మా బాబాయి పంపారు, "నీకు పనికొస్తుందిరా" అని. తర్వాత పక్షుల ఫొటోల గ్రూపులో ఒకరు, ఆఫీసులో నాతో టీ తాగే ఆయన, నిన్న రాత్రి మళ్ళీ అదే గ్రూపులో ఇంకొకరు, ఈసారి పైన మూడు నమస్కారాలు తగిలించి. "కొత్త టెలిఫోటో లెన్సు కొన్నారా? పెట్టె విప్పిన పది నిమిషాల్లో దాని అసలు రంగు బయటపెట్టే 8 పరీక్షలు! ఫొటోగ్రాఫర్లు మీకు చెప్పరు!"

టెలిఫోటో అంటే దూరంలోని పక్షిని దగ్గరగా చూపించే పొడుగు లెన్సు. ఆ సందేశం చేతికి రాని అదృష్టవంతుల కోసం సారాంశం చెబుతాను. బరువుగా ఉంటేనే గట్టిది. ప్లాస్టిక్ బాడీ అయితే వాపసు పంపెయ్యండి. తెల్లగా ఉంటేనే ప్రొఫెషనల్. జపాన్‌లో చేసింది తప్ప కొనొద్దు. చెవి దగ్గర ఊపితే చప్పుడు రాకూడదు. జూమ్ చేస్తే పొడుగు సాగే లెన్సు దుమ్ము పంపు, అందులో ఫంగస్ ఖాయం. రింగులు వెన్నలా తిరగాలి. చివరగా, వెదర్ సీలింగ్ నిజమో కాదో తేల్చుకోవడానికి గ్లాసు నీళ్ళు పోసి చూడండి, ఏడు రోజుల్లో వాపసు ఎలాగూ ఉంది. కింద కొసరుగా ఒక చిట్కా: లెన్సును బియ్యం డబ్బాలో దాచుకుంటే తేమ పట్టదు.

నవ్వుకుని ఊరుకునేవాడినే. కానీ ఆదివారం పొద్దున గ్రూపులో పరిచయమైన కుర్రాడు ఒకడు ఫోన్ చేశాడు. నికాన్ జెడ్ 180-600 ఎంఎం జూమ్ లెన్సు కొన్నాడు. లక్షన్నర దాటిన లెన్సు, రెండేళ్ళ ఈఎంఐ. "అన్నా, సింకు దగ్గర ఉన్నాను. కెమెరాకి తగిలించి పోయాలా, విడిగా పోయాలా?" వెనకాల కుళాయి చప్పుడు వినిపిస్తోంది.

"ముందు కుళాయి కట్టెయ్ తమ్ముడూ," అన్నాను.

కాబట్టి చివరి పరీక్షతోనే మొదలుపెడతాను.

వెదర్ సీలింగ్ అంటే అతుకుల దగ్గర సన్నటి రబ్బరు రింగులు, కొన్ని చోట్ల ఫోమ్ పట్టీలు, కెమెరాకు తగిలించే మౌంటు చుట్టూ ఒక రబ్బరు అంచు. అంతే. చినుకులు పడుతుంటే కెమెరా సంచిలో పెట్టేసేలోపు లోపలికి దిగకుండా కాస్త ఆపుతాయి. కంపెనీలు కూడా ఇంతకన్నా ఎక్కువ చెప్పవు. దుమ్మూ చినుకులూ చొరబడకుండా జాగ్రత్త తీసుకున్నాం, అయితే అన్ని పరిస్థితుల్లోనూ హామీ ఇవ్వలేం అని రాస్తాయి. ఆ రెండో ముక్కను మన సందేశం రాసినాయన చదవలేదు. నీళ్ళకు సంబంధించి ఇంత తట్టుకుంటుంది అని కొలిచి చెప్పే ఐపీ రేటింగు టెలిఫోటో లెన్సుల్లో చాలావాటికి లేనే లేదు. ఆ రేటింగు ఇచ్చే కొద్దిమందిలో ఓఎం సిస్టమ్ ఒకటి. వాళ్ళ 150-600 లెన్సుకు ఉన్నది ఐపీఎక్స్1. అంటే నిటారుగా, బొట్టుబొట్టుగా పడే నీటిని తట్టుకుంటుందని. గ్లాసెడు గుమ్మరిస్తే తట్టుకుంటుందని కాదు.

సరే, పోశారనుకుందాం. నీళ్ళు ఎక్కడికి పోతాయి? జూమ్ రింగు కింద సందు ఉంటుంది, లెన్సును ట్రైపాడ్‌కు బిగించే కాలరు తిరిగే చోట ఇంకో సందు, పక్కన స్విచ్చుల పలక. సన్నటి సందులోకి నీరు తనంతట తనే పాకుతుంది, తోయక్కర్లేదు. పైన గుడ్డతో తుడిచేస్తారు, లెన్సు ఫొటోలు తీస్తుంది, "సూపర్, పాసైంది" అని గ్రూపులో పెడతారు. లోపల చిక్కుకున్న రెండు చుక్కలు మధ్యాహ్నం ఎండకు ఆవిరై రాత్రి చల్లబడ్డాక లోపలి గాజు మీద చేరతాయి. దారపు పోగుల్లాంటి ఫంగస్ కనబడేసరికి ఆ ఏడు రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. వారంటీలో నీటివల్ల చెడిపోయినవాటికి చోటుండదు. సర్వీసు సెంటర్‌లో మూత తీసి తుప్పు పట్టిన రిబ్బన్ కేబుల్ చూపిస్తే మీ దగ్గర చెప్పడానికి ఏం ఉంటుంది? వాట్సాప్‌లో వచ్చిందండీ అంటారా?

ఇంకో సంగతి. పరీక్షలో నెగ్గినా మీకు తెలిసేది సున్నా. ఇవాళ సింకు దగ్గర లోపలికి దిగకపోతే రేపు గాలివానలో దిగదని ఏమీ లేదు. ఓడితే మాత్రం లెన్సు పోయింది. పగలగొడితే గానీ గట్టిదనం తెలియదని కొత్త కుండని నేలకేసి కొట్టి చూసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మన దగ్గర లెన్సుకు నీటి గండం అసలు ఇలా రాదు. తెల్లవారుజామున కొల్లేరు దగ్గర ఆటపాకలో పెలికాన్లను తీయడానికి వెళ్తాం. దారంతా కారులో ఏసీ. దిగి సంచి జిప్పు తీయగానే ముందు గాజు మీద పాలు పోసినట్టు తెల్లటి పొర. వేలు పెడితే గీత పడుతుంది. కంగారులో చొక్కా అంచుతో తుడుస్తాం, అరనిమిషంలో మళ్ళీ పడుతుంది. లెన్సును సంచిలోనే మూసి ఉంచి, ఏసీ ఆపి, అరగంట ముందే కారు అద్దాలు దింపితే ఈ గొడవ ఉండదు. ఇలాంటిది ఆ ఎనిమిదింటిలో ఒక్కటైనా ఉందా? లేదు. గ్లాసు నీళ్ళు ఉన్నాయి.

ఇక బియ్యం డబ్బా. బియ్యంలో తవుడు ఉంటుంది, ఆ పొడి జూమ్ రింగు సందులోకి వెళ్తుంది. దుమ్ము పంపు అని ఒక లెన్సును తిట్టి, ఇంకో లెన్సును తీసుకెళ్ళి తవుట్లో పాతిపెట్టమనడం ఏం లాజిక్కో. వైజాగ్‌లోనో కాకినాడలోనో ఉంటే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, నాలుగు సిలికా జెల్ పొట్లాలు, లోపల తేమ చూపించే చిన్న మీటరు చాలు. నలభై నుంచి యాభై శాతం మధ్య ఉంచితే బాగుంటుంది. ముక్కపురుగులు బియ్యానికే పరిమితమైతే మంచిది.

బరువు గురించి. కెనాన్ 400 ఎంఎం ఎఫ్/2.8 లెన్సునే తీసుకోండి. 1999లో వచ్చిన ఐఎస్ (చేతి వణుకును సరిచేసే) రకం 5,370 గ్రాములు. తర్వాతిది 3,850. 2018లో వచ్చిన మూడోది 2,840. ఈ సూత్రం ప్రకారం కెనాన్ వాళ్ళు ఇరవై ఏళ్ళుగా నాణ్యతను సగానికి తెగ్గోస్తూ, పది లక్షలు దాటిన ధరకు అమ్ముతున్నారన్నమాట! నిజానికి వాళ్ళు చేసింది, ముందు భాగంలో ఉండే పెద్ద గాజు పలకల్లో కొన్నిటిని వెనక్కి జరపడం. వెనక వ్యాసం తక్కువ కాబట్టి గాజూ తక్కువ, బరువూ తక్కువ. లెన్సు ముందు భారం కూడా తగ్గి చేతిలో నిలుస్తుంది. టెలిఫోటో బరువు చాలావరకు గాజు బరువే. 600 ఎంఎం ఎఫ్/6.3 అంటే ముందు దాదాపు 95 మిల్లీమీటర్ల వెడల్పున కాంతి లోపలికి రావాలి, 600ని 6.3తో భాగిస్తే వచ్చేది అదే. ఆ కుర్రాడి లెన్సుకు ఫిల్టరు సైజు 95 అని ఉండటం ఊరికే కాదు. చేతికి బరువు తగిలితే మీరు తూకం వేస్తున్నది గట్టిదనాన్ని కాదు, గాజును.

ప్లాస్టిక్, జపాన్ — ఈ రెండు పరీక్షల్నీ ఒకదానికొకటి వదిలేస్తే అవే కొట్టుకుంటాయి. సిగ్మా 150-600 కాంటెంపరరీ లెన్సులో కాంపోజిట్ ప్లాస్టిక్ బాగా వాడారు, బరువు 1,930 గ్రాములు. దాన్ని తయారుచేసింది జపాన్‌లోని ఐజు ఫ్యాక్టరీలో. ఇప్పుడు కొనాలా, వాపసు పంపాలా? రెండో పరీక్షలో తప్పింది, నాలుగో దాంట్లో డిస్టింక్షన్. మరోవైపు నికాన్ తన అతి పెద్ద కెమెరా జెడ్9ని థాయిలాండ్‌లో చేస్తోంది. 2011లో అయుత్తయలో వరదలొచ్చి నికాన్ ఫ్యాక్టరీ మునిగినప్పుడు కెమెరాల సరఫరాకే దెబ్బ తగిలింది. అప్పటికే ఆ కంపెనీ థాయిలాండ్ మీద అంతగా ఆధారపడి ఉంది. ప్లాస్టిక్ అనే మాటతో మనకు బకెట్లూ మగ్గులూ గుర్తొస్తాయి, అది మన తప్పు. లెన్సుల్లో వాడే రకం చిన్న దెబ్బకు కాస్త వంగి మళ్ళీ సర్దుకుంటుంది. లోహపు గొట్టం నొక్కుకుపోతే అలాగే ఉండి, ఆ నొక్కు దగ్గర జూమ్ పట్టేస్తుంది. మౌంటు లోహంతో ఉందో లేదో చూసుకోండి, చాలు.

తెల్ల రంగు: నికాన్ నలుపు వేస్తుంది. ముందుకు పోదాం.

కాదులెండి, ఒక్క మాట. కెనాన్ పెద్ద లెన్సుల్లో వాడే ఫ్లోరైట్ వేడికి మామూలు గాజుకన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, ఎండలో వేడెక్కకుండా తెలుపు వేశారు. మన రోహిణి కార్తెకు పనికొచ్చే ఆలోచనే. కానీ 2023లో వచ్చిన ఆర్ఎఫ్ 200-800 కూడా తెల్లదే, అది వాళ్ళ ప్రొఫెషనల్ ఎల్ సిరీస్‌లోది కాదు. రంగు చూసి లెన్సు కొనేవాళ్ళు గోడకు సున్నం కొట్టించుకుంటే తక్కువలో పోతుంది.

చెవి దగ్గర ఊపే పరీక్ష కొబ్బరికాయల కొట్టులో నేర్చుకున్నది కాబోలు. కాకపోతే అక్కడ చప్పుడొస్తే లోపల నీళ్ళున్నాయని సంతోషిస్తాం, ఇక్కడ చప్పుడొస్తే రీఫర్బిష్డ్, అంటే బాగుచేసిన పాతది అంటగట్టారని దుకాణం మీద పోట్లాటకు వెళ్ళాలట. చేతి వణుకును సరిచేసే గాజు గుంపు లోపల తేలుతూ ఉంటుంది. కరెంటు లేనప్పుడు చాలా లెన్సుల్లో అది వదులుగా కదులుతుంది. లీనియర్ మోటార్లతో ఫోకస్ చేసే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్తరకం) కెమెరాల లెన్సుల్లో ఫోకస్ గుంపు కూడా అంతే. ఫుజీ 90 ఎంఎం ఎఫ్/2 కొన్నవాళ్ళు మొదటి రోజు టక్కుమనే చప్పుడు విని హడలిపోవడం మామూలే. కెమెరాకు తగిలించి స్విచ్చు వేసి మెల్లగా వంచి చూడండి, చాలావరకు ఆగిపోతుంది. స్విచ్చు వేశాక కూడా లోపల గులకరాయి దొర్లినట్టు ఉంటే అప్పుడు టెన్షన్ పడండి.

దుమ్ము పంపు అనే పేరు కొత్తది కాదు. 1998లో వచ్చిన కెనాన్ 100-400ని ముందుకూ వెనక్కూ లాగి జూమ్ చేయాలి, సైకిలు పంపులాగే ఉండేది, ఆ పేరు అప్పుడే అంటుకుంది. గాలి కదలకుండా జూమ్ అయ్యే లెన్సు లేదు. బయటికి సాగని 180-600లోనూ లోపల గాజు గుంపులు ముందుకూ వెనక్కూ పోతూనే ఉంటాయి. నాలుగు దుమ్ము రేణువులు లోపలికి చేరినా ఫొటోలో కనబడవు. కనబడే మచ్చలు కెమెరా లోపలి సెన్సరు మీదివి. సాగే లెన్సుతో ఉన్న తేడా వేరు: పొడుగు సాగితే బరువు ముందుకు పోయి ట్రైపాడ్ హెడ్ మీద మళ్ళీ సర్దుకోవాలి. అది విసుగే గాని లోపం కాదు. 2019లో వచ్చిన కెనాన్ ఆర్ఎఫ్ 70-200 ఎఫ్/2.8 కూడా సాగుతుంది, పెళ్ళిళ్ళలో మన ఫొటోగ్రాఫర్ల చేతుల్లో అక్షింతలూ పన్నీరూ పడుతూ రోజూ పనిచేస్తోంది.

ఆ కుర్రాడికి సింకు బదులు ఒక గోడ చూపించాను. ఇటుకలు కనిపించే గోడ. ట్రైపాడ్ మీద కెమెరా, గోడకు నిటారుగా, 600 దగ్గర అపర్చర్ (కాంతి వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి ఒక ఫొటో. తర్వాత నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడమన్నాను. మూడు మూలలు బాగుండి ఒక్కటే మసకగా ఉంటే లోపల గాజు పక్కకు ఒరిగి ఉండొచ్చు, అప్పుడు వాపసు పంపాలి. అది కూడా పొద్దున్నే తీయాలి. పదకొండు గంటల ఎండలో చెరువు అవతలి గట్టు మీది కొంగను తీసి లెన్సు సాఫ్ట్, పదును లేదు అంటే లాభం లేదు. మధ్యలో వేడికి వణికే గాలిని ఏ జపాన్ వాళ్ళూ సరిచేయలేరు. వాడి నాలుగు మూలలూ బాగానే వచ్చాయి. ట్రైపాడ్ పాదానికి మాత్రం అదనపు ప్లేటు కొనాల్సి వచ్చింది. ట్రైపాడ్ హెడ్‌లో నేరుగా బిగిసే ఆర్కా స్విస్ గాడి లేకుండా ఇవ్వడం కక్కుర్తి పనే, అది ఒప్పుకోవాలి.

ఏడో పరీక్ష మిగిలింది, రింగులు వెన్నలా తిరగాలన్నది. దీన్ని కూడా ఏకిపారేద్దామనే కూర్చున్నాను. కొత్త లెన్సు కాస్త బిగుతుగా ఉండటం మామూలే, వాడగా వాడగా సర్దుకుంటుంది అని రాయబోయి ఆగాను.

కొన్నేళ్ళ కిందట నేనొక జూమ్ కొన్నాను, కంపెనీ పేరు ఎందుకులెండి. మొదటి రోజే రింగు తిప్పుతుంటే 300 దాటాక ఒక చోట ఇసుక రేణువు అడ్డుపడ్డట్టు చిన్నగా గీరుకుంది. బిగుతు వేరు, అది వేరు. బిగుతు మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది, ఇది ప్రతిసారీ సరిగ్గా అక్కడే. ఫొటోలు చూస్తే పదునుగా ఉన్నాయి. చేతికి తగిలేది కాదు, ఫొటోలో కనిపించేదే లెక్క అని గ్రూపులో గొప్పగా ఒక పోస్టు కూడా పెట్టాను. మూడో నెలలో నేలపట్టు పక్షుల కేంద్రంలో, గూటి మీదికి పెలికాన్ దిగుతుండగా, అదే చోట జూమ్ బిగుసుకుపోయింది. లోపల గాజు గుంపును గాడిలో నడిపించే చిన్న బుష్ ఒకటి మొదటినుంచీ సరిగ్గా కూర్చోలేదన్నారు బాగుచేసినవాళ్ళు. వాపసు గడువు రెండున్నర నెలల కిందటే అయిపోయింది.

మొదటి రోజు ఆ సందేశం రాసినాయన నా పక్కన ఉంటే "ఇచ్చెయ్" అనేవాడు. సరిగ్గానే అనేవాడు.