పోర్చుగల్ రుచులు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాయి

పోర్టో నుంచి డౌరో లోయలోకి వెళ్లే రైలు గురించి రాసేవాళ్లు ఎక్కువగా కిటికీ దగ్గరే ఆగిపోతారు. పక్కనే నది, కొండవాలు మీద మెట్లుమెట్లుగా ద్రాక్షతోటలు. అందమే, కాదనలేం. పోర్ట్ అనే తియ్యటి, ఘాటైన వైన్ కోసం 1756లోనే హద్దులు గీసిన ప్రాంతమది. పిన్యావ్ స్టేషన్ గోడలకు అతికించిన నీలి పింగాణీ పలకల మీద ద్రాక్షకోత అంతా బొమ్మలుగా కనిపిస్తుంది. నాకు మాత్రం కిటికీ కంటే ప్లాట్‌ఫారమే ముఖ్యం.

అదే లైన్‌లోని రెగువా స్టేషన్‌లో తెల్ల ఏప్రన్ కట్టుకున్న ఆడవాళ్లు బుట్టల్లో చక్కెర బిళ్లలు పెట్టుకుని అమ్ముతారు. పాకం కాచి, ఇంట్లోనే చేసి, కాగితంలో చుట్టిన బిళ్లలవి. బండి ఆగుతుంది కాబట్టే ఆ బేరం నడుస్తోంది. లిస్బన్-పోర్టో లైన్‌లో ఉన్న అవైరోదీ దాదాపు ఇదే కథ. గుడ్డు పచ్చసొన, చక్కెర కలిపి వండి, పల్చటి పిండి రేకులో పెట్టే 'ఓవుష్ మోలెష్' అక్కడి క్రైస్తవ సన్యాసినుల మఠాల్లో పుట్టింది. 1834లో మఠాలను రద్దు చేశాక ఆ వంటకం ఊరి ఆడవాళ్ల చేతికొచ్చింది. మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో దక్కినట్టే దానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ సర్టిఫికెట్ గిరాకీ తేలేదు కదా, తెచ్చేది రాకపోకలే.

ఆ రాకపోకల్నే పోర్చుగల్ చాలాచోట్ల తెంచుకుంది. డౌరో రైలు ఇప్పుడు ఆగిపోయే పొసిన్యు దాటి, స్పెయిన్ సరిహద్దులోని బార్కా ద'అల్వా దాకా వెళ్లే లైన్‌ను 1988లో మూసేశారు. విజెవు లాంటి పెద్ద పట్టణానికే 1990 నుంచి రైలు లేదు. తువా లోయ మీటర్‌గేజ్ లైన్ వరుస ప్రమాదాల తర్వాత 2008లో ఆగింది. తర్వాత కట్టిన డ్యామ్ నీళ్లలో కొంత మునిగింది కూడా. 2009లో రెగువా నుంచి విలా రియాల్ పట్టణానికి వెళ్లే బండీ పోయింది. నష్టాలు, భద్రత అంటూ చెప్పిన కారణాలు అబద్ధాలేం కావు. అయితే ఆ లైన్లను బాగుచేయకుండా ఏళ్ల తరబడి వదిలేసిందెవరు?

ఇప్పుడు వేసవి వారాంతాల్లో రెగువా నుంచి తువాకు ఆవిరి ఇంజన్ బండి నడుపుతున్నారు. ఎక్కినవాళ్లకు పోర్ట్ వైన్, జానపద పాటలు, ఆ చక్కెర బిళ్లలు. సరదాగానే ఉంటుంది, నాకేం అభ్యంతరం లేదు. కానీ బిళ్లలమ్మే మనిషికి జనవరిలోనూ ఇల్లు గడవాలి. బార్కా ద'అల్వా లైన్ తిరిగి తెరవాలని ఏళ్లుగా అడుగుతున్నవాళ్లు టూరిస్టుల లెక్కలే ముందు పెడుతున్నారు. బడికి, ఆస్పత్రికి, సంతకు వెళ్లేవాళ్ల కోసం ఏడాది పొడవునా రోజూ నడిచే బండి అడగడం మేలు. టూరిస్టులు ఎలాగూ అందులోనే ఎక్కుతారు.