కాకినాడ ప్రయోగం గుర్తుందా?

ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎంట్రప్రెన్యూర్‌షిప్ కూడా ఇప్పుడు ఒక సబ్జెక్టే. మిడ్ పరీక్షలు, అసైన్‌మెంట్లు, ఆఖర్న ఒక బిజినెస్ ప్లాన్. ఆ ప్లాన్ చాలాసార్లు సీనియర్ల పెన్‌డ్రైవ్‌లోంచే దిగుతుంది. అట్ట మీద పేర్లు మారతాయంతే. మంచి మార్కులతో పాసైన వీళ్లలో తర్వాత ఎందరు జీఎస్టీ నంబరు తీసుకున్నారో అడిగేవారు లేరు.

వ్యాపారం నేర్పితే వస్తుందా అని తేల్చుకునే ప్రయోగం ఆరు దశాబ్దాల క్రితమే మన దగ్గర జరిగింది. 1964లో కాకినాడ వ్యాపారులు 52 మందికి హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌లో, హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ రూపొందించిన శిక్షణ ఇచ్చారు. అందులో జమాఖర్చుల పాఠాలకు పెద్దపీట వేయలేదు. సాధించాలన్న తపన పెంచేందుకు బొమ్మ చూపించి కథ రాయమన్నారు, ఎవరి లక్ష్యం వాళ్లనే పెట్టుకోమన్నారు. ఇంటికి వెళ్లాక కొత్తగా పెట్టుబడి పెట్టడంలో, పనివాళ్లను పెంచడంలో శిక్షణ లేనివారికంటే వీళ్లు ముందున్నారు. వీళ్లలో చాలామంది అప్పటికే గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాళ్లన్న సంగతి మాత్రం మన విధానకర్తలకు పట్టలేదు.

ఆఫ్రికాలోని టోగోలో 1,500 మంది చిరు వ్యాపారులపై జరిపిన అధ్యయనం 2017లో వెలువడింది. చొరవ పెంచే శిక్షణ పొందినవారి లాభాలు సుమారు 30 శాతం పెరిగాయి. మామూలు వ్యాపార పాఠాలు విన్నవారిలో అంత ఫలితం కనిపించలేదు. నెదర్లాండ్స్‌లో మరీ విచిత్రం: కాలేజీలో చిన్న కంపెనీ నడిపించి చూస్తే విద్యార్థుల్లో వ్యాపారం పెట్టాలన్న కోరిక తగ్గింది. దీన్ని వైఫల్యం అనడానికి మేం ఒప్పుకోం. తనకు పడదని ఇరవై ఏళ్లకే తెలిస్తే తండ్రి అమ్మబోయే అరెకరం మిగులుతుంది.

ఇక్కడ శిక్షణ అంటే హాజరు, గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. సొంత యూనిట్ పెట్టుకునేవారికి కేంద్రం సబ్సిడీతో ఇప్పించే పీఎంఈజీపీ రుణానికి శిక్షణ నిబంధన ఉంది, మంచిదే. కానీ రుణం కోసం ఇచ్చే ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) రాసేది చాలాచోట్ల ఆడిటర్. మూడో ఏడు టర్నోవర్ ఎంతని బ్యాంకు మేనేజరు అడిగితే దరఖాస్తుదారు ఆడిటర్ మొహం చూస్తాడు. డీపీఆర్ అంకెలు అభ్యర్థి తన చేత్తో వేయాలి, తప్పులున్నా సరే. బీటెక్ విద్యార్థికి ప్లాన్‌కు బదులు ఒక సెమిస్టరు నిజంగా సరుకు అమ్మే పని ఇవ్వాలి, ఆ బిల్లుల మీదే మార్కులు వేయాలి. శిక్షణ నిధుల్లో పెద్ద వాటా కిరాణా కొట్టు, టైలరింగ్ యూనిట్, వెల్డింగ్ షాపు నడుపుతున్నవారికి దక్కాలి. రెండేళ్ల తర్వాత జిల్లా పరిశ్రమల కేంద్రం అధికారి ఆ షాపులకు వెళ్లి, పనివాళ్లు పెరిగారో తగ్గారో రాసుకుని, ఆ వివరాలు బయటపెట్టాలి.