పట్టు నేర్పేవాడికి పోస్టు లేదు

తెల్లవారి అయిదున్నర. కాలవ గట్టు పక్కనున్న కాలేజీ. వెనక రేకుల షెడ్డులో కుస్తీ మ్యాట్ పరిచి ఉంది. ఇరవై అయిదేళ్ల కుర్రాడు ముందుకాలు కాస్త చాచి నిలబడ్డాడు. ఎదుట పద్దెనిమిదేళ్లవాడు ఒంగి ఆ కాలు అందుకున్నాడు. "తల కిందికి వేలాడేయకురా, మెడమీద ఎక్కేస్తారు. నా డొక్కకి ఆనించు. ఆఁ, మోకాలి వెనక చేతులు కలుపు. ఇప్పుడు లాక్కో నీ వైపు." నిలబడ్డవాడు దబ్బున వెల్లకిలా పడ్డాడు. లేచి, మళ్లీ కాలిచ్చాడు. నేను చూస్తుండగానే పదకొండుసార్లు పడ్డాడు. పన్నెండోసారి మాత్రం పడలేదు. నడుం కాస్త తిప్పి కుర్రాణ్ణే మ్యాట్ మీద చదును చేసి, "ఇదిగో, చేతులు ఇక్కడ వదులు చేశావు" అని చూపించాడు.

నాలుగేళ్ల క్రితం ఈ యువకుడు అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో పతకం తెచ్చాడు. ఇప్పుడు అదే కాలేజీలో అసిస్టెంట్ కోచ్. పిలవడం అలా పిలుస్తారు గానీ, అలాంటి పోస్టు కాగితం మీద ఎక్కడా లేదు. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) మాస్టారు పూనుకుని నెలనెలా ఎంతో కొంత ఇప్పిస్తున్నారు. అది చాలక రాత్రిళ్లు రొయ్యల చెరువు దగ్గర నీటికి గాలి అందించే ఏరేటర్లు చూసుకునే పని చేస్తాడు. కరెంటు పోతే జనరేటర్ వేయాలి, లేకపోతే తెల్లారేసరికి సరుకు తేలిపోతుంది. ఆ కాపలా ముగించుకుని నేరుగా షెడ్డుకి వస్తాడు.

నాకు బాధ కలిగించేది ఈ ఒక్కడి కష్టం మాత్రమే కాదు. గోదావరి జిల్లాల్లో కుస్తీ నిలబడాలంటే తప్పనిసరిగా ఉండాల్సిన మనిషికి మన కాలేజీల్లో చోటే లేదు.

విజిల్ ఊదడానికీ హాజరు వేయడానికీ అసిస్టెంట్ కోచ్ అక్కర్లేదు. అతని పని తన ఒళ్లు ఇవ్వడం. కుస్తీలో పట్టు చెబితే రాదు, వీడియో చూస్తే అంతకన్నా రాదు. ఎదుటివాడి బరువు ఎప్పుడు ఏ కాలి మీదకి మారుతుందో చేతులకి తెలియాలి. బౌట్ అంటే మూడేసి నిమిషాలు రెండుసార్లు, మధ్యలో 30 సెకన్ల విరామం. తొమ్మిది మీటర్ల వలయం దాటితే ఎదుటివాడికి పాయింటు పోతుంది. అంత ఇరుకులో, అంత తక్కువ వ్యవధిలో ఆలోచించుకునే తీరిక ఉండదు. తనకన్నా గట్టివాడితో వందలసార్లు పెనుగులాడినవాడికే అది వస్తుంది. యాభై దాటిన పీడీ మాస్టారు ఎంత తెలిసినవారైనా రోజూ పదిమంది కింద పడి లేవలేరు. చదువు ముగించిన ఛాంపియన్ ఒంట్లో ఆ సత్తువ మహా అయితే ఏడెనిమిదేళ్లు ఉంటుంది. అతను మనకి అక్కరకొచ్చేది ఆ కాలంలోనే, మనం వదిలేసుకుంటున్నదీ ఆ కాలంలోనే.

ఈ సంగతి అమెరికా కాలేజీలు ఎప్పుడో గ్రహించాయి. డాన్ గేబుల్ అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో చదివినన్నాళ్లూ ఒకే ఒక్క బౌట్ ఓడాడు, అదీ 1970లో ఆఖరి ఫైనల్. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా స్వర్ణం గెలిచాడు. అప్పటికి వయసు 23. ఆ ఏడాదే అయోవా విశ్వవిద్యాలయం అతన్ని అసిస్టెంట్ కోచ్‌గా తెచ్చుకుంది. ప్రధాన కోచ్ గ్యారీ కర్డెల్మయర్ కింద నాలుగేళ్లు పనిచేశాడు. 1975, 1976లో ఆ జట్టు జాతీయ విజేత అయింది. తర్వాత తానే ప్రధాన కోచ్‌గా 21 సీజన్లలో 15 జాతీయ టైటిళ్లు తెచ్చాడు. ఒలింపిక్ స్వర్ణం ఉన్నా నేరుగా పెద్ద కుర్చీ ఇవ్వలేదన్నది నాకు ముఖ్యంగా కనిపించే విషయం. ముందు మ్యాట్ మీదికి దించారు, పక్కన అనుభవం ఉన్న పెద్దాయన్ని ఉంచారు.

ఆటగాడైనంత మాత్రాన నేర్పగలడా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. సహజంగా పట్టు వచ్చినవాడికి అది ఎలా వచ్చిందో చెప్పడం తెలియకపోవచ్చు. తన ఒంటికి సరిపోయిన ఎత్తునే అందరి మీదా రుద్దవచ్చు. అందుకే అతనికి అసిస్టెంట్ స్థానం, పైన పీడీ మాస్టారి కన్ను, వేసవిలో పటియాలా జాతీయ క్రీడా సంస్థలో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కావాలంటున్నాను.

బరువు విషయంలోనైతే ఆ కన్ను మరీ అవసరం. 57 కిలోల విభాగంలో దిగాల్సినవాడు వారం ముందు 60 ఉంటాడు. ప్లాస్టిక్ కవరు చుట్టుకుని పరుగెడతాడు, నీళ్లు మానేస్తాడు, నోట్లో నిమ్మకాయ పెట్టుకుని ఉమ్ముతూ కూర్చుంటాడు. 1997 చివర్లో అమెరికాలో దాదాపు నెల రోజుల వ్యవధిలో ముగ్గురు కాలేజీ మల్లులు ఇలా బరువు దించుకుంటూనే చనిపోయారు. ఆ తర్వాత అక్కడ రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించారు. సీజన్ మొదట్లోనే ఎవరు ఎంత బరువు కన్నా కిందికి దిగకూడదో తేల్చే పద్ధతి పెట్టారు. మన డెల్టా గాలిలో ప్రమాదం ఇంకా ఎక్కువ. తడి గాలిలో చెమట కారుతుందే తప్ప ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ మొదటి రోజు 50 కిలోలకి సరిపోయి, రెండో రోజు పొద్దున 100 గ్రాములు ఎక్కువై ఫైనల్‌కి దూరమైంది. అంతమంది సిబ్బంది వెంట ఉన్న ఒలింపియన్‌కే అలా జరిగితే, పాలకొల్లు నుంచో రావులపాలెం నుంచో బస్సెక్కి పోటీకి వెళ్లే కుర్రాడి కాటా ఎవరు చూస్తారు? చూడగలిగేది ఈ అన్నే. అయితే తానూ అలాగే నీళ్లు మానేసి నెగ్గినవాడు గనక, ఆ తప్పుడు అలవాటే నేర్పే ప్రమాదమూ అతని దగ్గరే ఉంది. శిక్షణ కావాలని ఇంత గట్టిగా అనడం అందుకే.

మన దగ్గర కుస్తీకి వారసత్వం లేదనడం సరికాదు. అమలాపురం దసరాలో చెడీ తాలింఖానా ఇప్పటికీ వీధుల్లో కర్రా కత్తీ తిప్పుతుంది. కబడ్డీలో ఒడుపుగా కాలు పట్టే పిల్లలు ఊరూరా ఉన్నారు. దగ్గర్లో నేర్పే మనిషి ఉంటే ఏమవుతుందో చెప్పడానికి సాత్విక్ సాయిరాజ్ చాలు. అదే అమలాపురంలో వ్యాయామ ఉపాధ్యాయుడి కొడుకు, 2014లో హైదరాబాద్ అకాడమీకి వెళ్లి, 2023లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. బ్యాడ్మింటన్‌కి హైదరాబాద్ ఉంది. కుస్తీకి మన పిల్లవాడు ఎక్కడికి పోవాలి? హర్యానాకా?

కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే వ్యాయామ విద్యలో పీజీ ఉండాలి, నెట్ లాంటి అర్హత పరీక్షో పీహెచ్‌డీయో ఉండాలి. ఆ అర్హతని తప్పుపట్టను. కానీ ఆ ఒక్క మనిషే వాలీబాల్ నుంచి అథ్లెటిక్స్ దాకా అన్నీ చూడాలి, సర్టిఫికెట్లూ రాయాలి. రాష్ట్రం కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. మంచిదే. అయితే ఆ ఉద్యోగం వచ్చిన రోజున ఛాంపియన్ మ్యాట్ దిగిపోతాడు. పతకానికి జీతం దొరికింది, విద్యకి దొరకలేదు. కేంద్రం 2020లో ప్రకటించిన చిన్న ఖేలో ఇండియా కేంద్రాల పథకంలో ఆ ఆలోచన ఉంది. అక్కడ మాజీ ఛాంపియనే శిక్షకుడు, అఖిల భారత విశ్వవిద్యాలయ పతక విజేతలూ అర్హులే. కానీ ఏటా ఇచ్చే 5 లక్షల్లోనే అతని పారితోషికం, సామాన్లు, ప్రయాణాలు అన్నీ సర్దుకోవాలి.

ఆ సూత్రాన్నే కాలేజీలకు తేవాలి. నన్నయ విశ్వవిద్యాలయం పరిధిలో నాలుగైదు కాలేజీలకు కలిపి ఒక అసిస్టెంట్ కోచ్‌ని అయిదేళ్ల ఒప్పందం మీద తీసుకోవచ్చు. ఆ అయిదేళ్లనీ తర్వాతి స్పోర్ట్స్ కోటా నియామకంలో అనుభవంగా లెక్కించి, వయసు సడలింపు ఇవ్వాలి. అప్పుడు ఉద్యోగమా, మ్యాటా అని అతను నలిగిపోనక్కర్లేదు. అమ్మాయిలున్న చోట మహిళా కోచ్‌నే పెట్టాలి. 2023లో మహిళా మల్లులు లైంగిక వేధింపులకు నిరసనగా ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చోవాల్సి రావడం చూశాక దీని మీద చర్చ అక్కర్లేదు.

శిక్షణ అయ్యాక ఆ యువకుడు బకెట్లో మందు నీళ్లు కలిపి, మోకాళ్ల మీద కూర్చుని మ్యాటంతా తుడిచాడు. ఒక్కరోజు మానేస్తే ఈ ఉక్కకి పిల్లలందరికీ తామర అంటుకుంటుందని చెప్పాడు. ఆటల్లో నలిగి ముడుచుకుపోయిన అతని ఎడమ చెవి అప్పుడు దగ్గర్నుంచి కనిపించింది. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడట. వస్తే సంక్రాంతి లోపు ట్రైనింగుకి వెళ్లిపోతాడు. పదకొండుసార్లు అతన్ని పడేసిన కుర్రాడు ఇంకా మొదటి ఏడాదిలోనే ఉన్నాడు.