ఫొటోలకే పచ్చదనం

ప్రపంచ పర్యావరణ దినం వచ్చింది, వెళ్లింది. 1973 నుంచి ఏటా జూన్ 5న జరిగేదే ఈసారీ జరిగింది. పిల్లలకు ఆకుపచ్చ టోపీలు పెట్టారు, చేతికో మొక్క ఇచ్చారు, ఎండలో వరుసగా నిలబెట్టారు. పెద్దలు వచ్చి పార పట్టుకున్నారు, భూమిని కాపాడాల్సింది మీరేనని చెప్పి వెళ్లిపోయారు. ఆ ఫొటోలు పత్రికలన్నీ వేశాయి, మేమూ వేశాం. ఏడాది పొడవునా పిల్లలను వాగు ఒడ్డుకో అడవి అంచుకో తీసుకెళ్లి నాలుగు విషయాలు నేర్పే స్వచ్ఛంద సంస్థలు మాత్రం వచ్చే నెల జీతాలు ఎలా ఇవ్వాలా అని తల పట్టుకుని కూర్చుంటున్నాయి. సాయం చేయమని వాళ్లు పెట్టుకున్న అర్జీలు నెలల తరబడి టేబుళ్ల మీదే పడి ఉంటాయి. వేదిక మీద ఒక మాట, చెక్కు మీద సంతకం దగ్గరికొచ్చేసరికి ఇంకో మాట. మాకు కోపం తెప్పిస్తున్నది ఇదే.

మాటలకు ఏనాడూ లోటు లేదు. 1977లో జార్జియా రాజధాని టిబిలీసీలో వివిధ దేశాల ప్రభుత్వాలు కూర్చుని పర్యావరణ విద్య మీద ఒక డిక్లరేషన్ ఇచ్చాయి. చదువు పిల్లల్లో ప్రకృతి పట్ల గౌరవం పెంచాలని 1989 నాటి బాలల హక్కుల ఒప్పందం 29వ అధికరణంలో రాసుకున్నారు. 2021 మేలో బెర్లిన్‌లో జరిగిన విద్యా సదస్సు సందర్భంగా, 2025 కల్లా అన్ని దేశాల్లోనూ పర్యావరణ విద్య ప్రధాన పాఠ్యాంశం కావాలని యునెస్కో గడువు పెట్టింది. అదే ఏడాది ఆ సంస్థే 100 దేశాల పాఠ్యప్రణాళికలు తిరగేస్తే, 47 శాతం వాటిలో వాతావరణ మార్పు ఊసే లేదు. 2025 దాటిపోయింది. మాట ఇచ్చినవాళ్లను నిలదీసినవాళ్లు లేరు.

బడి వదిలేసిన ఈ ఖాళీని చాలాచోట్ల ఇన్నేళ్లుగా పూడుస్తున్నది స్వచ్ఛంద సంస్థలే. 1941లో వేల్స్ తీరాన అబర్‌డోవీలో మొదలైన, యువతకు ఆరుబయట సాహస శిక్షణ ఇచ్చే అవుట్‌వర్డ్ బౌండ్ సంస్థ ఎన్నో దేశాలకు పాకింది. 1950లలో డెన్మార్క్‌లో చిన్నపిల్లల్ని అడవిలోనే పెట్టి ఆడించడం, నేర్పించడం మొదలై, తర్వాత జర్మనీ, బ్రిటన్‌లకు విస్తరించింది. ఇలాంటి ప్రయత్నాల్లో ఎక్కువ భాగం ఎవరో కొందరు పూనుకుంటే నిలబడినవే తప్ప ఉత్తర్వులతో పుట్టినవి కావు.

వాళ్లు చేసే పని ఎలాంటిదో ఒకసారి దగ్గరగా చూడండి. పాదాలు మునిగేంత నీళ్లున్న వాగు. పదేళ్ల పాప ఒక రాయిని రెండు చేతులా పైకి లేపి, తిరగేసి, అడుగున అంటుకున్నదాన్ని చిన్న బ్రష్‌తో తెల్లటి ట్రేలోకి దింపుతుంది. మూడు తోకలున్న చిన్న పురుగు, మేఫ్లై పిల్ల. అది కనబడితే నీళ్లు బాగున్నట్టు. అది లేకుండా ఎర్రటి సన్న పురుగులు మాత్రమే మిగిలితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయినట్టు. ఆ పాప పైన వంతెన దగ్గర ఒక ట్రే, కింద డ్రైనేజీ కలిసే చోట ఇంకో ట్రే పక్కపక్కన పెట్టి చూసుకుంటుంది. కాలుష్యం అన్న మాటను ఇక ఆమెకు ఎవరూ వివరించక్కర్లేదు. ‘రాయిని ఎట్లా ఉన్నదో అట్లాగే పెట్టమ్మా, అది వాటి ఇల్లు’ అంటాడు పక్కనున్న గైడ్. ఆమె పెడుతుంది.

ఆ గైడ్ ముందురోజే ఆ దారంతా నడిచి వచ్చాడు. నీళ్లు ఎక్కడ లోతున్నాయో కర్రతో చూశాడు, కందిరీగల తుట్టె ఉన్న చెట్టు వైపు పిల్లలు పోకుండా దారి మార్చాడు. ఆస్తమా ఉన్న పిల్లాడి ఇన్‌హేలర్ తన జేబులో పెట్టుకున్నాడు. తల్లిదండ్రుల అనుమతి పత్రాలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఇన్సూరెన్స్, బస్సు, ఇన్ని సమకూరితేనే ఆ పాప ఆ రాయిని లేపగలిగింది. సంస్థ డబ్బు అడిగేది వీటికోసమే.

దాతలు ఇవ్వడానికి ఇష్టపడనిదీ సరిగ్గా వీటికే. ఎన్ని మొక్కలు నాటారు? ఎంతమంది పిల్లలు వచ్చారు? బ్యానర్ మీద మా పేరు ఏ సైజులో ఉంటుంది? అడిగేవి ఇవి. గైడ్ జీతం అనగానే ‘అది నిర్వహణ ఖర్చు, మా నిబంధనలు ఒప్పుకోవు’ అంటారు. పిల్లాడి ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని తిరిగే మనిషి జీతం అదనపు ఖర్చెలా అవుతుంది? ఆ మనిషే కదా ఆ కార్యక్రమం! మొక్కకు డబ్బిచ్చి, మొక్కంటే ఏమిటో చెప్పేవాడికి ఇవ్వనంటే ఏమనుకోవాలి? ఏడాదికో గ్రాంటు, అదీ సగం ఏడాది గడిచాక విడుదల. అప్పటికి అనుభవమున్న ఇద్దరు ముగ్గురు వేరే ఉద్యోగాలు చూసుకుని వెళ్లిపోతారు. వాగులో లోతెక్కడో తెలిసినవాళ్లు వెళ్లిపోయాక, కొత్తవాళ్లతో మళ్లీ మొదటి నుంచి మొదలు.

కంపెనీల తీరు ఇంకా బాధాకరం. నదిలోకి వ్యర్థాలు వదిలే సంస్థే ఆ నది ఒడ్డున పిల్లల నడకకు స్పాన్సర్‌గా ముందుకొస్తే ఏం చేయాలి? డబ్బు తీసుకుంటే పిల్లలు ట్రేలో చూసింది చూసినట్టు చెప్పలేరు. వద్దంటే బస్సు కదలదు. అలాంటి సందిగ్ధంలోకి ఒక చిన్న సంస్థను నెట్టి, దాన్నే సామాజిక బాధ్యతగా వార్షిక నివేదికలో అచ్చు వేసుకోవడం చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే.

ఇది బడుల పని, ప్రభుత్వాల పని, స్వచ్ఛంద సంస్థలకెందుకు ఇవ్వాలి, వాటి లెక్కలు ఎవరు చూస్తారు అనేవాళ్లున్నారు. లెక్కలు అడగాల్సిందే, మేం కాదనం. బడులు చేస్తే అంతకన్నా కావాల్సిందీ లేదు. కానీ ‘ప్రభుత్వం చేయాలి’ అని దాతలు, ‘దాతలున్నారుగా’ అని ప్రభుత్వాలు ఒకరి మీద ఒకరు తోసుకుంటుంటే మధ్యలో పిల్లలు ఏడాదికేడాది పెద్దవాళ్లయిపోతున్నారు.

ఆరుబయట చదువంటే ఏదో సరదా, మిగిలితే చూద్దాం అనుకునేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 ప్రాథమిక పాఠశాలల మీద జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టారు. మూడేళ్లకు ఆ బడుల్లో కొత్తగా హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనబడే లోపం) వచ్చినవారు 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం. కళ్లజోళ్ల సంఖ్యలోనే ఇంత తేడా. కంటి డాక్టర్లు పిల్లల్ని బయటికి పంపమని చెబుతూనే ఉన్నారు. పంపే ఏర్పాటు చేసేవాళ్లకు మాత్రం చేయూత లేదు.

ఇందులో నష్టపోయేది అందరు పిల్లలూ కాదు, అది ఇంకా అన్యాయం. డబ్బున్న ఇళ్ల పిల్లలు ఖరీదైన సమ్మర్ క్యాంపులకు వెళ్తారు, కొండలెక్కుతారు, పడవలు నడుపుతారు. ఫీజు కట్టలేని పిల్లలకు ఉన్న ఒకే దారి ఈ సంస్థలు. 2020లో బడులు మూతపడి ట్రిప్పులు రద్దయినప్పుడు, ఫీజుల మీద ఆధారపడ్డ క్యాంపు కేంద్రాలకు ఆదాయం ఒక్కసారిగా ఆగిపోయింది. అప్పుడే తెలిసింది వీటి కింద పునాది ఎంత పలచనో. తెలిశాక ఏం చేశాం? మళ్లీ ఏడాది గ్రాంటే, మళ్లీ మొక్కల లెక్కే.

మూడేళ్లకో ఐదేళ్లకో ఒకేసారి మాటివ్వండి. జీతాలకు, బస్సుకు, ఇన్సూరెన్సుకు వాడుకోవచ్చని ఆ మాటలోనే రాసివ్వండి. బ్యానర్ సైజు అడగకండి. వాగులో ఏం కనబడిందో పిల్లలు చెబితే, అది మీ ఫ్యాక్టరీ గురించే అయినా వినండి. అది చేతకాకపోతే వచ్చే జూన్ 5న పిల్లల్ని ఎండలో నిలబెట్టకండి. వాళ్ల చేతికి మొక్కలిచ్చి ఫొటోలకు పిలవకండి, మా కెమెరాలు రావు.