మంచివార్త ఫార్వర్డ్ గారికి, పటమట నుంచి

శ్రీయుత మంచివార్త ఫార్వర్డ్ గారికి,

నమస్కారం. క్షేమమేనా అని అడగను, ఎందుకంటే మీకు రోగం రాదు, వయసు రాదు, చావు అసలే రాదు. 2020 మార్చిలో పుట్టిన మీ డాల్ఫిన్లు ఇవాళ్టికీ మా బాబాయ్ ఫోన్‌లో ఈత కొడుతూనే ఉన్నాయి. నేను రాస్తున్నది మీరు వాట్సాప్‌లో వచ్చే వేళ గురించి. ఊరికి ఏ కష్టం వచ్చినా అధికారుల కంటే ముందు, అంబులెన్స్ కంటే ముందు, ఆఖరికి మైకు పట్టుకున్న టీవీవాళ్ళ కంటే కూడా ముందు మీరు దిగిపోతారు, ఉదయించే సూర్యుడు, గులాబీ పువ్వు, వెనకాల వేణువు మ్యూజిక్‌తో సహా. తద్దినం ఇంటికి పెళ్ళి సన్నాయి వచ్చినట్టు ఉంటుంది మీ రాక. పొమ్మనలేం, కూర్చోబెట్టలేం.

మంచి వార్తలంటే నాకు పడదని మాత్రం అనుకోకండి. నాకూ కావాలి. 2024లో మా బెజవాడ వరదల్లో అయితే అన్నం కంటే ఎక్కువ కావాల్సొచ్చింది. అందుకే ఈ గొడవంతా.

మీ వంశం నాకు బాగానే తెలుసు. మీ తాతగారు పోస్టుకార్డు. సంతోషిమాత మహిమ రాసి, ఇంతమందికి రాస్తే కోరిక తీరుతుంది, పక్కన పెడితే అరిష్టం అని బెదిరించి, మా అమ్మమ్మ చేత మధ్యాహ్నమంతా కార్డులు రాయించిన పెద్దమనిషి ఆయనే. మీ నాన్నగారు కరపత్రం. కొండ మీద పాము పూజారితో మాట్లాడిందనీ, వెయ్యి కాపీలు అచ్చు వేయించినాయనకి లాటరీ తగిలిందనీ, చించేసినాయన పక్షవాతంతో మంచాన పడ్డాడనీ బస్టాండులో చేతిలో పెట్టి వెళ్ళేవారు. ఏమాటకామాట, వాళ్ళిద్దరికీ ఖర్చుండేది. కార్డు కొనాలి, ప్రెస్సువాడికి డబ్బులివ్వాలి, చెయ్యి నొప్పి పుట్టాలి. మీకు బొటనవేలు చాలు. అందుకే వాళ్ళు శుక్రవారానికో పండక్కో వస్తే, మీరు పళ్ళు తోముకోకముందే వస్తారు.

మిమ్మల్ని మా ఇంటికి మోసుకొచ్చేది గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బాబాయ్. రిటైరయ్యాడు, నిద్ర పట్టదు, తెల్లవారుజామున లేచి కాఫీ పెట్టుకొని, ఆ కాఫీ చల్లారేలోపు మిమ్మల్ని ఊరంతా తిప్పేస్తాడు. ఆయన్ని నేనేమీ అనను. ఆయన మనసు వెన్న, మనకి ధైర్యం చెప్పాలనే తపన. ఎటొచ్చీ ఆ ధైర్యం ఎక్కడినుంచి తెచ్చి చెబుతున్నాడో ఆయనకే తెలియదు, మీరు చెప్పరు కదా.

కరోనా అప్పుడు మీరు చేసింది గుర్తుందా? వెనిస్ కాలవల్లోకి డాల్ఫిన్లు తిరిగొచ్చాయన్నారు. ఆ వీడియో వెనిస్‌ది కాదు, సార్డీనియా ద్వీపంలో కాల్యరీ రేవుది. హంసలు తిరిగొచ్చాయన్నారు. అవి వెనిస్ పక్కనున్న బురానో దీవిలో ఎప్పుడూ ఉండే హంసలే, పాపం ఎక్కడికీ పోలేదు, తిరిగి రావడానికి. చైనాలో యునాన్ అనే చోట ఏనుగులు ఊళ్ళోకొచ్చి మొక్కజొన్న సారా తాగి తేయాకు తోటలో పడి నిద్రపోయాయన్నారు, అదీ అబద్ధమే అని తేలింది. మన జాతీయగీతాన్ని ప్రపంచంలోకెల్లా గొప్పదని యునెస్కో ప్రకటించిందని కరోనాకి ఎన్నో ఏళ్ళ ముందు నుంచే చెబుతున్నారు కదా, లాక్‌డౌన్‌లో తీరిక దొరికిందేమో దాన్నీ దుమ్ము దులిపి మళ్ళీ తెచ్చారు. మా బాబాయ్ లేచి నిలబడి మరీ పంపాడు.

దీనివల్ల జరిగిన నష్టం ఏంటంటే, ఆ ఏప్రిల్‌లో జలంధర్ నుంచి చూస్తే దూరంగా ధౌలాధార్ మంచుకొండలు కనిపిస్తున్నాయని వార్త వస్తే నేను నమ్మలేదు. అది నిజం. పొగ తగ్గి, గాలి శుభ్రపడి, అక్కడివాళ్ళు మేడలెక్కి చూశారు. మీ ఏనుగుల పుణ్యమా అని నాకు ఆ కొండలు కూడా తాగి పడుకున్నట్టే కనిపించాయి. అదే నెలలో వాట్సాప్‌వాళ్ళకే విసుగొచ్చి, ఐదు చేతులు దాటి వచ్చిన మెసేజీని ఒకసారికి ఒక్క చాట్‌కి మాత్రమే పంపేలా కట్టడి చేశారు. మా బాబాయ్ ఏం చేశాడు? ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా పంపడం మొదలుపెట్టాడు. పని లేని మనిషికి కట్టడి ఏం చేస్తుంది చెప్పండి.

సరే, అవన్నీ దూరపు ఊళ్ళ కబుర్లు, వెనిస్‌లో ఏ చేప ఈదితే నాకేంటి. అసలు నాకు ఒళ్ళు మండింది 2024 సెప్టెంబరులో.

ఆగస్టు 31న వాన దంచికొట్టింది. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. తెల్లారేసరికి బుడమేరు వాగు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ అన్నిటినీ కలిపి ఒకటే చెరువు చేసేసింది. ఇటు చూస్తే కృష్ణ, సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ పుట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదు. అటు ఏరు, ఇటు నది, మధ్యలో ఊరు. మా పటమట వీధి తడవలేదు. మా పిన్ని ఉండేది పాయకాపురంలో, రెండో అంతస్తు. కింద నీళ్ళు, కరెంటు లేదు, తాగడానికి బకెట్లో పట్టుకున్న వాన నీళ్ళు. ఫోన్‌లో పదమూడు శాతం చార్జింగ్.

ఆ పదమూడు శాతాన్ని ఆవిడ ఎలా వాడిందంటే, మా అమ్మమ్మ నెయ్యి కూడా అంత పొదుపుగా వాడలేదు. పొద్దున రెండు నిమిషాలు, సాయంత్రం రెండు నిమిషాలు ఆన్ చేసి, పడవ ఎక్కడికి వస్తోంది, పాలు ఎక్కడ పంచుతున్నారు అని చూసుకొని కట్టేసేది. లేక లేక సిగ్నల్ తగిలిన ఆ రెండు నిమిషాల్లో ముందుగా దిగింది ఎవరనుకుంటున్నారు? మీరే సార్. ఎక్కడో ఏ దేశంలోనో వరదల్లో ఒక కుక్క పిల్లిని వీపు మీద ఎక్కించుకొని ఒడ్డుకు చేర్చిన వీడియో. "మానవత్వం ఇంకా బతికే ఉంది" అని కింద రాసుంది. కుక్కకీ పిల్లికీ మధ్య మానవత్వం ఎలా బతికిందో నాకిప్పటికీ అర్థం కాలేదు, అది వదిలేయండి. ఆ వీడియో దానంతటదే దిగుతూ తిరుగుతూ ఉంటే రెండు శాతం చార్జింగ్ హారతి కర్పూరం. దాని వెనక మీ బంధువర్గం, గులాబీలు, సూక్తులు, చేతులు జోడించిన బొమ్మలు. వాటన్నిటికీ అడుగున మా తమ్ముడు పెట్టిన ఒక్క లైను: "పిన్నీ, సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర నుంచి పడవలు కదులుతున్నాయి, మీ సందు చివర మేడ మీద ఎర్ర చీర కట్టి ఉంచు, కనబడుతుంది." దాన్ని ఆవిడ చూసింది మర్నాడు.

"పిల్లి ఒడ్డు చేరిందే అమ్మాయ్, నేనే చేరలేదు" అంది తర్వాత. నవ్వుతూనే అంది లెండి.

అదే వారంలో మీరు ఇంకో ఘనకార్యం చేశారు. మెడలోతు నీళ్ళలో ఒకాయన ప్లాస్టిక్ తొట్టిలో పసిపిల్లని పెట్టి నెత్తిన పట్టుకొని నడుస్తున్న బొమ్మ. కింద "కలియుగ వసుదేవుడు". చూసినవాళ్ళంతా దండాల బొమ్మలు, కన్నీళ్ళ బొమ్మలు. నాకూ గొంతు పట్టేసింది, అబద్ధం ఎందుకు. కాసేపయ్యాక కోపం వచ్చింది. వసుదేవుడికి యమున దారిచ్చింది, పైన ఆదిశేషుడు పడగ పట్టాడు, ఆ రోజు జైలు తలుపులు కూడా వాటంతటవే తెరుచుకున్నాయి. ఈయనకి ఏది తెరుచుకుంది? ఒక్క బుడమేరు గట్టు తప్ప! ఆ మనిషి దేవుడు కాదు, అద్దె ఇంట్లో కిందివాటాలో ఉంటూ, నీళ్ళొస్తున్నాయని ముందుగా చెప్పేవాడు లేక చిక్కుకుపోయిన తండ్రి. మీరు ఆయన్ని వసుదేవుణ్ణి చేసేసరికి ఇక ఎవ్వరూ ఏమీ అడగక్కర్లేకపోయింది. ముందుగా ఎందుకు చెప్పలేదు? కాలవ ఒకప్పుడు ఎంత వెడల్పు, ఇప్పుడెంత? 2005లో కూడా ఇదే బుడమేరు ఇదే బెజవాడని ముంచింది కదా, మధ్యలో ఇన్నేళ్ళు ఏం చేశారు? ఈ ప్రశ్నలు గొంతు దాకా వచ్చిన వాళ్ళందరూ మీ వేణువు మ్యూజిక్ వినగానే వాటిని మింగేసి లైక్ కొట్టారు.

ఇది మన దగ్గరే కాదనుకోండి. ఇంగ్లండులో కెప్టెన్ టామ్ మూర్ అని 99 ఏళ్ళ పెద్దాయన, 2020 ఏప్రిల్‌లో తన తోటలో నడక చట్రం పట్టుకొని వంద చుట్లు తిరిగి, అక్కడి ఆరోగ్య సేవల సంస్థలకి 3 కోట్ల పౌండ్ల పైచిలుకు విరాళాలు తెప్పించాడు. ఆయన పాదాలకి నమస్కారం. కానీ ఆ దేశంలో ఆరోగ్య సేవలకి చందాల కోసం నూరేళ్ళు నిండబోయే ముసలాయన నడవాల్సి రావడం ఏంటని ఒక్కరైనా అడగాలా వద్దా? చెల్లెలి ఆపరేషన్ కోసం బుడగలు అమ్మే పదేళ్ళ పిల్లాడి కథ నెలకోసారి తెస్తారే, అది కూడా ఈ బాపతే. నన్నడిగితే అది స్ఫూర్తి కథ కాదు, ఫిర్యాదు. రాయాల్సిన చోట రాయక మీ చేతికిచ్చారు.

పోనీ మన ఊళ్ళోనే నిజంగా జరిగిన మంచి సంగతులు తెచ్చారా అంటే, వాటి జోలికి వెళ్ళరు. కొట్టుకొచ్చిన పడవలు గుద్దుకొని బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లు, అంటే గేటుకి సరిబరువుగా ఉండే దిమ్మలు, దెబ్బతింటే, కన్నయ్యనాయుడు గారు వచ్చి దగ్గరుండి పని చేయించారు. అంతకు కొద్ది రోజుల ముందే, ఆగస్టులో, తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోతే నీళ్ళు పోతుండగానే అడ్డు బిగింపించిన నిపుణుడు ఆయనే. ఇందులో ఎంత కథ ఉంది! ఆ వయసులో ఎండలో వానలో నిలబడి, లెక్కలేసి, ఇనుము తెప్పించి, కుర్రాళ్ళ చేత పని చేయించడం. మీకు అప్పజెబితే మాత్రం "ఒంటిచేత్తో గేటు ఎత్తిన బాహుబలి తాత, షేర్ చేయకుండా ఉండలేరు" అని రాస్తారు. ఇంజనీరింగ్ మీకు పట్టదు, మహిమ కావాలి.

బుడమేరు గండ్లు పూడ్చినవాళ్ళ సంగతీ అంతే. రాత్రీ పగలూ లారీల్లో రాళ్ళు, మట్టి, చివర్లో ఆర్మీ వాళ్ళు కూడా వచ్చి చెయ్యి వేశారు. మూడో గండి పూడింది సెప్టెంబరు 7న, వినాయక చవితి నాడు. ఆ రోజు మా గ్రూపులో విఘ్నేశ్వరుడి బొమ్మలు లెక్కలేనన్ని. గండి పూడిందన్న మాట ఒక్కరూ రాయలేదు, నేను పేపర్లో చూసి తెలుసుకున్నాను. ఫైరింజన్లు వీధివీధికీ తిరిగి ఇళ్ళలో బురద కడిగాయి. ఇతర ఊళ్ళ మున్సిపాలిటీల నుంచి పారిశుధ్య కార్మికులు వచ్చి, వాళ్ళ చవితి వాళ్ళు మానుకొని, మన ఫ్రిజ్‌లలో కుళ్ళిన కూరలు ఎత్తి పోశారు. ఆ వాసన తెలుసా మీకు? మీ వీడియోలకి మ్యూజిక్ ఉంటుంది గానీ వాసన ఉండదు, అదీ మీ అదృష్టం.

మా పిన్ని వాళ్ళ పక్కవాటా ఆవిడ సంగతి చెప్పి ఆపుతాను. ఇంట్లో రెండు గ్యాస్ బండలు, పాతిక కేజీల బియ్యం ఉన్నాయి. కిందివాటాల వాళ్ళందరినీ మెట్ల మీదకి లాక్కొచ్చి, నీళ్ళు తగ్గేదాకా రెండు పూటలా అన్నం, చింతకాయ పచ్చడి. నీళ్ళ దగ్గర మాత్రం గ్లాసు లెక్క, చిన్నపిల్లలకి ఒకటెక్కువ, మగవాళ్ళకి ఒకటి తక్కువ. గొణిగినవాణ్ణి తిట్టింది కూడా. చివర్లో ఎవరో ఫొటో తీసి పెడతాం అక్కా అంటే "నైటీలో ఉన్నాను, ఫోన్ లోపల పెట్టు, ముందా గిన్నె తోము" అందట. అదండీ, మీ కంటికి ఆనని మంచివార్త. మ్యూజిక్ పెట్టడానికి వీల్లేనిది, తిట్లతో సహా వచ్చేది.

కాబట్టి నా షరతులు ఇవి. ఊరి పేరు లేకుండా రావద్దు. తేదీ లేకుండా రావద్దు, పోయినేడాది కుక్కని ఈ ఏడాది వరదలో ఈదించవద్దు. వచ్చిన వార్తలో ఎవరికైనా పని ఉండాలి. ఫలానా ఫంక్షన్ హాల్లో భోజనాలు, ఫలానా స్కూల్లో మందులు, ఆటోనగర్‌లో తడిసిన బండ్లు మనిషి మొహం చూసి కాదు బండి చూసి డబ్బులు తీసుకుంటున్న మెకానిక్ ఎవరు, ఇలాంటివైతే అర్ధరాత్రైనా రండి, తలుపు తీస్తాను. మెసేజీ అందుకున్న మనిషి దాంతో లేచి ఎటైనా నడవగలగాలి. ఊరికే కూర్చొని కళ్ళు తుడుచుకోవడానికైతే మాకు మా కష్టాలే చాలు, దిగుమతి అక్కర్లేదు.

మళ్ళీ ముంపు వస్తే, రాకూడదనే కోరుకుంటాను, మీరు కొంచెం వెనకాల నుంచోండి. పడవ కబురు ముందు పోనివ్వండి, ఆ తర్వాత మీ పిల్లి, కుక్క, సూర్యోదయం అన్నీ ఒక్కొక్కటిగా దయచేయవచ్చు.

ఇంకొక్క మాట. మా పిన్ని కొత్త ఫోన్ కొనుక్కొని గ్రూపుని ఎప్పటికీ మోగకుండా మ్యూట్‌లో పెట్టేసింది. పొద్దున్నే మాత్రం ఓసారి తెరిచి, చదవకుండా ఒక దండం బొమ్మ పెట్టి మూసేస్తుంది, బాబాయ్ బాధపడతాడని. ఆయనేమో తన సందేశాలు వరదల్లో చెల్లెమ్మని ఎంత నిలబెట్టాయో అని గుంటూరంతా చెప్పుకుంటున్నాడు. ఈ సంగతి మాత్రం దయచేసి ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి.

ఇట్లు,
మీ గ్రూపులోంచి బయటికి పోలేని ఒక బెజవాడ ఆడపడుచు